ఫ్రేముకి మార్కులు

ఈ వయసులో నాకు కలలు పెద్దగా రావు. వస్తే ఒకటే వస్తుంది. సాయంత్రం వర్క్‌షాపు సైరను కూస్తుంది. మా క్వార్టరు ముందున్న ఎర్ర మొరం రోడ్డు మీద సైకిళ్ళు వస్తుంటాయి. రోడ్డు పట్టనన్ని సైకిళ్ళు. వాటి మీద మనుషులుండరు. ఒట్టి సైకిళ్ళే, ఎవరూ తొక్కకుండానే, దుమ్ము రేపకుండా, వాననీటిలో వదిలిన కాగితప్పడవల్లా సాగిపోతుంటాయి. నేను అరుగు మీద కూర్చుని వాటి ఫ్రేములకి మార్కులు వేస్తుంటాను. కలలో కూడా నాది పిసినారి చెయ్యే. చాలావాటికి సున్నాలు పెడతాను.

అదంతా కల్పన కాదు. ఖరగ్‌పూర్‌లో, అరవైల తొలి రోజుల్లో, నేను రోజూ చేసిన పని అదే. మనుషులు లేకపోవడం ఒక్కటే వింతగా ఉంటుంది గానీ, ఆలోచిస్తే అదీ వింత కాదు. ఆ రోజుల్లో నేను సైకిలు మీద మనిషిని చూసిందెప్పుడు? సీటుకీ హ్యాండిలుకీ మధ్య అడ్డంగా ఉండే గొట్టాన్ని మేం బారు అనేవాళ్ళం. నా చూపు ఆ బారు దాటి పైకి వెళ్ళేది కాదు.

మా తాత శ్రీకాకుళం పక్క నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో కుదిరాడట. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మా క్వార్టరు వీధికి చివర, వర్క్‌షాపు గేటు నుంచి వచ్చే రోడ్డు మలుపు తిరిగే చోట ఉండేది. ఆ మలుపు దగ్గర ఎంతటివాడైనా నెమ్మది చేయాల్సిందే. అంటే ఆ దారిన పోయే ప్రతి సైకిలూ నా ముందు కాస్త పక్కకి ఒరిగి, ఒళ్ళంతా చూపించి, అప్పుడు ముందుకి పోయేది. మార్కులు వేసేవాళ్ళకి అంతకంటే మంచి చోటు దొరకదు.

నా పక్కన మా మామ్మ కూర్చునేది, నాన్నకి అమ్మ. ఆవిడ కళ్ళలో శుక్లాలు ముదిరి, మనిషి ఆకారం తప్ప ముఖం ఆనేది కాదు. కానీ చెవులు పాము చెవులు. నేను కంటితో చూసేదాన్ని ఆవిడ చెవితో చూసేది. మడ్‌గార్డు గిలక్కొడితే పెదవి విరిచేది. చైను కిర్రుమంటే, ఈ ఇంట్లో ఆడది సుఖపడదు అనేసేది. ఇద్దరం కలిసి సాయంత్రం పూట ఎవరి పరువూ మిగిల్చేవాళ్ళం కాదు. బియ్యం ఏరే చేట ఒళ్ళో పెట్టుకుని ఈ పనేమిటని లోపల్నుంచి అమ్మ కేకలేసేది.

ఫ్రేములో అందం ఏముంటుందని నన్ను చాలామంది అడిగారు. నాలుగు గొట్టాలేగా అనేవారు. నాకు ఒళ్ళు మండేది. ముఖమంటే రెండు కళ్ళూ ఒక ముక్కేగా, మరి అన్ని ముఖాలూ ఒకలాగే ఉంటాయా? సైకిలంటే ఫ్రేమే. బెల్లు, డైనమో, హ్యాండిలుకి వేలాడే రంగు కుచ్చులు, అవన్నీ నగలు. నగలు తీసేసి చూస్తే కదా పిల్ల ఎలా ఉందో తెలిసేది. బారు నేలకి సమంగా ఉండాలి, వెనక్కి వాలకూడదు. హ్యాండిలు కింది గొట్టం మరీ నిటారుగా ఉంటే జవానులా బిగుసుకున్నట్టుంటుంది, మరీ వాలితే సోమరిలా ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఒక వాలు ఉంది. అది కుదిరిన సైకిలు గోడకి ఆనించి ఉన్నా వెళ్తున్నట్టే ఉంటుంది.

పాలవాళ్ళ సైకిళ్ళకి రెండు బార్లుండేవి, ఒకదాని కింద ఒకటి. అవి బరువు మోసే జీవాలు, వాటిని నేను పోటీలోకి రానిచ్చేదాన్ని కాదు. రైల్వే ఆసుపత్రి నర్సమ్మలు ఆడవాళ్ళ సైకిళ్ళ మీద వెళ్ళేవారు, బారు లేకుండా గొట్టం కిందికి వంగినవి. ఆడపిల్లనని వాటికి ఎక్కువ వేస్తానని అందరూ అనుకునేవారు. నేను వేయలేదు. చీర కట్టుకున్నవాళ్ళు ఎక్కడానికి అంతకంటే దారి లేదని తెలుసు, అయినా ఆ వంగిన గొట్టాన్ని చూస్తే ఎవరో దాన్ని తల దించుకోమన్నట్టు ఉండేది. నర్సమ్మల మీద గౌరవం ఉంది. ఆ గొట్టం మీద లేదు.

ఇవన్నీ పైకి చెప్పేదాన్ని. ఒక్కటి మాత్రం ఎవరికీ చెప్పలేదు. నేను మొదట చూసేది సీటు కింద చోటుని. వెనక చక్రం దగ్గర్నుంచి రెండు సన్న గొట్టాలు పైకొచ్చి సీటు కింద నిలువు గొట్టాన్ని కలుస్తాయి. సాధారణంగా అక్కడ అతుకు ఉబ్బి ఉంటుంది, చేసినవాడు ఎవరు చూస్తారులే అని వదిలేస్తాడు. ఆ చోటు శుభ్రంగా ఉంటే మిగతాదంతా శుభ్రంగా ఉంటుంది. ఎవరూ చూడని చోట అందం ఉన్న సైకిలుకే నేను ఎక్కువ మార్కులు వేసేదాన్ని. కారణం అడిగితే ఏదో ఒకటి చెప్పేదాన్ని.

నా మార్కుల సంగతి వీధిలో ఆడపిల్లల ద్వారా వాళ్ళ అన్నలకి పాకి, అక్కడ్నుంచి వర్క్‌షాపు లోపలికి వెళ్ళిపోయింది. కొందరు కుర్రాళ్ళు మలుపు దగ్గరికి వచ్చేముందు జేబురుమాలుతో బారు తుడుచుకునేవారట. ఆ సంగతి వేరేవాళ్ళు చెబితే తెలిసింది నాకు. తుడుస్తున్న చెయ్యి కూడా నా కంటపడలేదు.

ఒక జ్యేష్ఠ మాసంలో నాకు సంబంధం వచ్చింది. అబ్బాయి మా శ్రీకాకుళం వైపువాళ్ళ పిల్లవాడే, రైలు పట్టాలకి అవతల వైపు ఉంటారు, వర్క్‌షాపులోనే పని. మా ఊళ్ళో పెళ్ళిచూపులకి మగవాళ్ళు సైకిళ్ళ మీద వచ్చేవారు, ఆడవాళ్ళు రిక్షాల్లో. వచ్చినవాళ్ళు సైకిళ్ళు మా కంచెకి ఆనించి లోపలికొచ్చారు. నేను కిటికీ రెక్క సందులోంచి చూశాను. మనుషుల్ని కాదు, కంచెని.

అక్కడ ఒక పచ్చ సైకిలు ఉంది. సీసా పచ్చ. బారు మీద పొడుగునా చేత్తో గీసిన సన్నటి బంగారు రంగు గీత. ముందు గొట్టం ఏ వాలులో ఉండాలో ఆ వాలులోనే ఉంది. సీటు కింద ఆ రెండు సన్న గొట్టాలూ నిలువు గొట్టంలోకి ఎంత మెత్తగా కలిసిపోయాయంటే, అతుకు ఎక్కడుందో కిటికీ నుంచి తెలియలేదు. ఇన్నాళ్ళూ మలుపు దగ్గర ఎన్ని చూశానో, అలాంటిది ఒక్కటి పోలేదు. నాకు ఊపిరి ఆగినట్టయింది. ఈ మాట మనిషిని చూసి అనాల్సినది, నేను సైకిలుని చూసి అంటున్నాను.

పెళ్ళికొడుకుది ఏ సైకిలని, చూపులకని వచ్చిన మా పిన్నిని అడిగాను. తను వీధిలోకి తొంగి చూసినప్పుడు అతను ఆ పచ్చదాని మీద నుంచే దిగాడని చెప్పింది. ఇంకేముంది. తల వంచుకుని వెళ్ళి కూర్చున్నాను. తల వంచుకోవడం నాకు అలవాటే, కాకపోతే అందరూ సిగ్గనుకున్నారు. నాకు కనిపించినవి అతని పాదాలూ, ప్యాంటు అంచులూ. అంచులకి ఇనుప క్లిప్పులు పెట్టుకుని ఉన్నాడు, చైనుకి గుడ్డ పట్టకుండా పెట్టుకుంటారే, అవి. లోపలికొచ్చి కూడా తీయడం మరిచిపోయాడు. పచ్చ సైకిలు చైనుకి నిండా రేకు తొడుగు ఉంది. అలాంటి సైకిలుకి క్లిప్పులెందుకని నాకు ఆ క్షణాన తట్టలేదు. అంత కన్నున్నదాన్ని, అక్కడ గుడ్డిదాన్నయ్యాను.

వాళ్ళు వెళ్ళాక నాన్న నన్ను పిలిచి, నీకు నచ్చితేనే మాట ఇస్తానన్నాడు. ఆ రోజుల్లో అలా అడిగిన తండ్రులు తక్కువ. నేను నిజమే చెప్పాను.

"సైకిలు బాగున్నాది నాన్నా."

అందరూ నవ్వారు. పిల్ల ఒప్పుకోడానికి ఇదో దారి అనుకున్నారు. నాన్న మర్నాడే మాట ఇచ్చేశాడు. కార్తీకంలో ముహూర్తం.

అప్పట్నుంచి రోజూ సాయంత్రం ఆ పచ్చ సైకిలు కోసం చూసేదాన్ని. ఆషాఢం వానలు పడ్డాయి. మొరం రోడ్డు తడిసి ముదురెరుపు తిరిగింది. తడి సైకిళ్ళు మెరుస్తూ మలుపు తిరిగేవి, ఒకదాని వెనక ఒకటి, సంధ్య వెలుతురులో అంచులు కరిగిపోతున్నట్టు. నేను వాటిల్లో పచ్చ రంగు వెతుక్కుంటూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలిసేది కాదు. అది రాలేదు. ఓవర్‌టైమేమో అనుకున్నాను. వేరే దారేమో, వానకి తడుస్తుందని ఇంట్లో దాచాడేమో అని కూడా అనుకున్నాను. అంత అందమైనదాన్ని నేనైనా దాస్తాను.

పచ్చది రాలేదు గానీ, ఇంకొకటి తప్పకుండా వచ్చేది. దాని ముందు సగం అప్పటి రైలుపెట్టెల ఇటిక రంగు, వెనక సగం నలుపు. రెండు పాత సైకిళ్ళ ముక్కలు కలిపి ఒకటి చేశారని చూస్తేనే తెలిసేది. బారు వెనక్కి వాలిపోయి ఉండేది. చైనుకి తొడుగు లేదు. నేను దానికి బొంత సైకిలని పేరు పెట్టాను, పాతగుడ్డలు కలిపి కుట్టిన బొంతలా ఉందని. పైగా దానికి పొగరొకటి. మలుపు దగ్గర అన్నిటికంటే నెమ్మది చేసి, సరిగ్గా మా గేటు ముందు బెల్లు కొట్టేది. ఇంత సోకుకి బెల్లొకటా అని నేను మామ్మతో అనేదాన్ని, రోడ్డు మీదికి వినపడేలా.

మామ్మ మాత్రం చెవి రిక్కించి, "సప్పుడే నేదే దానికి. ఎవుడో నూనె రాసి, పసిబిడ్డని సాకినట్టు సాకుతున్నాడు" అనేది.

సప్పుడు లేకపోతే అందం వచ్చేస్తుందా అని నేను కొట్టిపారేసేదాన్ని. సున్నాకి కింద ఇంకేదైనా అంకె ఉంటే అది వేసేదాన్ని.

భాద్రపదంలో విశ్వకర్మ పూజ వచ్చింది. మా ఊరికి పండగంటే అదే. ఆ ఒక్కరోజు వర్క్‌షాపు గేట్లు ఇంటిల్లిపాదికీ తెరిచేవారు. యంత్రాలన్నీ కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలేసేవారు. రోజూ ఊరంతా అదరగొట్టే లేతు మిషన్లూ సుత్తులూ ఆ పూట నిద్రపోతున్నట్టుండేవి. పైన ఆకాశం నిండా గాలిపటాలు. చేతులెప్పుడూ నల్లగా ఉండే మనుషులు తెల్లబట్టలు కట్టుకుని, తమ యంత్రం ముందు పెళ్ళివారిలా నిలబడి, వచ్చినవాళ్ళకి ప్రసాదం పెట్టేవారు. అక్కడ నడుస్తుంటే నిజంగా కలలో నడిచినట్టే ఉండేది.

కానీ నాకు కావాల్సింది యంత్రాలు కాదు. సైకిలు స్టాండు. పొడుగాటి రేకుల షెడ్డు కింద వరసలు వరసలుగా సైకిళ్ళు, అన్నీ కడిగినవే, హ్యాండిళ్ళకి మామిడాకులు, పూలు. ఊళ్ళో ఉన్న అన్ని ఫ్రేములూ కదలకుండా నా ముందు నిలబడ్డాయి. నాన్నని లాక్కుంటూ ఒక్కో వరసా చూసుకుంటూ పోయాను. అక్కడ కనిపించింది పచ్చది.

దాని పక్కన ఒక బెంగాలీ పెద్దాయన నిలబడి బారుకి సిందూరం పెడుతున్నాడు. నేను చూపించగానే నాన్న ఆయన్ని దాదా అని పలకరించి, ఇది మా అల్లుడి సైకిలు కదా అన్నాడు. ఆయన నవ్వి, ఇది తనదేననీ, మీ తెలుగు కుర్రాడొకడు తమ సెక్షనులో ఉన్నాడనీ, పెళ్ళిచూపులకని ఒక్క పూట అడిగి తీసుకెళ్ళాడనీ బెంగాలీలో చెప్పాడు. అడిగేముందు ఎన్నో రోజులు దీని చుట్టూ తిరిగాడట. ఆ తర్వాత షెడ్డు చివరికి చెయ్యి చూపించి, అతని సైకిలు అదిగో అన్నాడు.

షెడ్డు చివర, బంతిపూల దండ వేసుకుని, బొంత సైకిలు ఉంది.

నాన్న తెల్లబోయాడు. వర్క్‌షాపు దగ్గరే కనుక ఆయన ఎప్పుడూ నడిచే వచ్చేవాడు, సైకిలంటే చక్రాలు తిరిగితే చాలన్న మనిషి. ఆయనకీ తెలియదు. నాకైతే చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. ఇంటికొచ్చి చేట విసిరేసి, నేను ఈ పెళ్ళి చేసుకోనని చెప్పేశాను. నేను ఏది చూసి ఒప్పుకున్నానో అదే అబద్ధమైతే, ఇంక ఒప్పుకున్నదేమిటి? ఒక పూట అందం అద్దెకి తెచ్చేవాడు రేపు ఇంకేం అద్దెకి తెస్తాడు? అమ్మ నెత్తి కొట్టుకుంది. సైకిలు అరువు తెచ్చాడని సంబంధం వదులుకుంటారా, లోకం వింటే నవ్వుతుందంది. మామ్మ ఏ పక్షమూ పట్టలేదు. అరువు సొమ్ము బరువు చేటని ఊరికే అన్నారా అని మాత్రం అని, "పిల్ల మాటిచ్చినాది, పిల్లే తేల్చుకోవాల. ఆ గుంటడిని రమ్మనురా" అని నాన్నతో చెప్పింది.

ఆదివారం పొద్దున్నే వచ్చాడు, ఒక్కడే, బొంత మీద. చప్పుడు లేకుండా వచ్చి కంచె దగ్గర ఆగాడు. ఆ కాలంలో పెళ్ళికాని పిల్ల పెళ్ళికొడుకుతో ఎదురుబడి మాట్లాడటం లేదు. నాన్న వరండాలో, మామ్మ అరుగు మీద, నేను కంచెకి ఇవతల, అతను అవతల. మధ్యలో సైకిలు. నేను దాని బారు మీదే చూపు పెట్టి అడిగాను.

"అది మీది కానప్పుడు ఎందుకు తెచ్చినారు?"

బారు మీద ఉన్న అతని చేతివేళ్ళు బిగుసుకోవడం కనిపించింది.

"ఈది సివర పిల్ల ఫ్రేముకి మార్కులేస్తాదని షాపులో అందరూ అంటారు. దీనికెన్ని పడతాయో నాకు తెలుసు. అతికింది నేనే. బారు వాలిపోనాది. సూసినప్పుడల్లా నాకే మనసు ఒప్పదు" అన్నాడు. ఆగి, "దాసాలనుకోలేదు. మర్నాటి కాణ్ణించి రోజూ నీ ముందు నుంచే దీని మీద ఎల్తన్నాను. బెల్లు కొడతన్నాను. నువ్వు తలెత్తలేదు."

నా కోపానికి కాలికింద నేల కాస్త జారింది. అయినా వదల్లేదు.

"స్టాండులో అన్ని సైకిళ్ళున్నాయి. అదే ఎందుకు తెచ్చినారు?"

అతనికి ఆ ప్రశ్న అర్థం కానట్టుంది. "మరింకోటి ఏటి బాగుంటాది?" అన్నాడు.

అతనే చెప్పుకుపోయాడు, నాతో కాదు, సైకిలుతో చెబుతున్నట్టు. పచ్చదానికి రంగూ గీతా అందం కాదట. సీటు కింద, వెనక గొట్టాలు వచ్చి కలిసే చోటట. అక్కడ అతుకు కనపడదట. ఎవరూ చూడని చోట అంత బాగా చేసినవాడు మిగతాది ఎలా చేస్తాడో చెప్పక్కర్లేదట. దీన్ని అతికేటప్పుడు తనూ అలా చేద్దామనుకున్నాడట, బారు చెడిపోయింది గానీ, "అక్కడొక్కటే కుదిరినాది" అని సిగ్గుగా వేలు పెట్టి చూపించాడు.

వంగి చూశాను. అంత వికారమైన సైకిలులో ఆ చోటు ఒక్కటీ నున్నగా, ఆకురాయితో రాసి రాసి, చిన్న ఉబ్బు కూడా లేకుండా ఉంది. ఇన్ని నెలలు రోజూ నా ముందు నుంచి పోయింది. అన్నిటికీ మొదట అదే చూసేదాన్ని, దీనికి మాత్రం రంగులూ వాలూ చూసి నవ్వుకుని, ఆ చోటుదాకా నా చూపు వెళ్ళనేలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళూ ఈ ఊళ్ళో ఆ చోటుని చూసేదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను. ఇంకెవరితోనూ చెప్పుకోలేక, చెప్పినా వెర్రి అంటారని, లోపలే పెట్టుకున్నాను. ఇంకొకడు ఉన్నాడు. రోజూ నా ముందు నుంచే వెళ్తున్నాడు.

అప్పుడు బారు దాటి చూపు పైకెత్తాను. గుండ్రటి ముఖం, ఎండకి కమిలిన ముక్కు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న మచ్చ. చెమట పట్టి ఉంది. ఏ మాట చెబుతానో అని కళ్ళార్పకుండా నావంకే చూస్తున్నాడు. మార్కులు వేయాలని తోచలేదు నాకు.

అతను వెళ్ళాక నాన్న వరండాలోంచి దిగి వచ్చాడు.

"ఏటమ్మా, ఏటి సెప్పమంటావు వాళ్ళకి?"

"సైకిలు అస్సలు బాగోనేదు నాన్నా" అన్నాను.

నాన్న ముఖం వాడిపోయింది. మామ్మ మాత్రం అరుగు మీద నుంచి పకపకా నవ్వి, "ఒరే, పిల్ల ఒప్పుకున్నాదిరా" అంది. కార్తీకం ముహూర్తం మార్చలేదు.

మా ఆయన ఇప్పుడు లేరు. బొంత సైకిలూ లేదు, తుప్పు పట్టి ఎప్పుడో పోయింది. కల మాత్రం వస్తుంది. సైరను కూస్తుంది, ఎర్రరోడ్డు మీద మనుషులు లేని సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి సాగిపోతుంటాయి. ఒక్క బొంత మీద మాత్రం మనిషి ఉంటాడు. మలుపు దగ్గర నెమ్మది చేస్తాడు. బెల్లు కొట్టకముందే నేను తలెత్తి చూస్తుంటాను.